బగ్రాత్ అన్న పేరు ఎదురైతే అది ఏ బగ్రాతో ఎలా తేల్చుకోవాలి

ఆర్మేనియా చరిత్ర మొదలుపెట్టినా, జార్జియా చరిత్ర మొదలుపెట్టినా పట్టుమని పది పేజీలు తిప్పకముందే బగ్రాత్ అనే పేరు తగులుతుంది. రాజులు, రాకుమారులు, ఆర్చిబిషప్పు, కవి, టెలిస్కోప్ డిజైన్ చేసిన ఇంజనీరు, అందరూ బగ్రాత్‌లే. నేను కాకసస్ చరిత్ర చదవడం మొదలుపెట్టిన కొత్తల్లో ఇమెరెతి (జార్జియా చీలిపోయాక వచ్చిన మూడు రాజ్యాల్లో ఒకటి) రాజు బగ్రాత్ 3నీ, ఐక్య జార్జియా మొదటి రాజు బగ్రాత్ 3నీ ఒక్కడే అనుకుని నోట్సు రాసుకుంటూ పోయాను, ఇద్దరికీ మధ్య 500 ఏళ్ళ తేడా ఉందని తెలిసేసరికి రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాల్సొచ్చింది. ఇంకెవరికీ ఆ తిప్పలు రాకూడదని, నేను ఇప్పుడు ఈ పేరు కనపడగానే ఏమేం చూస్తానో అదంతా ఇక్కడ పెడుతున్నా.

ముందుగా ఒకటి. "అసలు ఈ పేరు ఆర్మేనియన్లదా, జార్జియన్లదా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు, దాంతో ఎక్కడికీ చేరం. పేరు ఒకటే, దాన్ని పెట్టుకున్న వంశం కూడా మొదట్లో ఒకటే. అందుకని అడగాల్సింది ఎవరిది అని కాదు, ఏ ఊరు, ఏ పదవి, ఏ సంవత్సరం అని. ఈ మూడూ చేతికొస్తే మనిషి దొరికినట్టే.

పేరు అర్థం చూద్దాం, ఎందుకంటే అది మన చెవికి చాలా దగ్గరగా ఉంటుంది. పాత పర్షియన్‌లో బగ అంటే దేవుడు. దాత అంటే ఇవ్వబడిన అని, మన దాతకి ఇచ్చేవాడు అని అర్థం కదా, అక్కడ తిరగేసి ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోండి. రెండూ కలిపితే బగదాత, అంటే దేవుడిచ్చినవాడు. పాత పర్షియన్, సంస్కృతం అక్కచెల్లెళ్ళ లాంటి భాషలు కాబట్టి అక్కడి బగ ఇక్కడ భగ అవుతుంది, భగవంతుడులో ఉన్నది అదే. ఇక అక్కడి బగదాతకి ఇక్కడ జోడీ ఎవరంటే, మహాభారతంలో సుప్రతీకం అనే ఏనుగెక్కి అర్జునుడి మీదికొచ్చిన ప్రాగ్జ్యోతిష రాజు భగదత్తుడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఉందని కాదు, రెండు పేర్లూ ఒకే మట్టితో చేసిన కుండలు అని మాత్రమే. నాకు ఇది తెలిసిన రోజు నుంచి బగ్రాత్ అన్న పేరు మర్చిపోవడమే జరగలేదు, మీరు కూడా ఇలాగే గుర్తుపెట్టుకోండి.

మరి బగదాత బగ్రాత్ ఎలా అయిందంటే, ఇరాన్ వైపు నుంచి ఆర్మేనియన్‌లోకి వచ్చేటప్పుడు మధ్యలో ఉన్న ద కాస్తా ర అయ్యింది, చివరి అచ్చు రాలిపోయింది, అప్పుడు బగరాత్ అయ్యింది. పాత ఆర్మేనియన్ రాతల్లో బగరాత్ అనే ఉంటుంది చాలా చోట్ల. తర్వాత మధ్యలో అ కూడా నలిగిపోయి బగ్రాత్ మిగిలింది. కాబట్టి బగరాత్ అని కనపడితే వేరే పేరేమో అని కంగారుపడొద్దు, అదే పేరు పాత బట్టల్లో ఉంది అంతే. ఇంత ఇరానియన్ వాసన ఎందుకంటే ఆర్మేనియాని 428 దాకా ఏలిన అర్షకునీ రాజులు ఇరాన్‌ని ఏలిన పార్థియన్ రాజవంశం కొమ్మే, దాంతో అక్కడి పెద్ద కుటుంబాల పేర్లలో సగానికి సగం అటు నుంచి వచ్చినవే ఉంటాయి. గుర్గెన్ అన్న పేరు ఇంకొకటి, తోడేలు అన్న మాట నుంచి వచ్చింది, అది కూడా ఆర్మేనియాలోనూ ఉంది జార్జియాలోనూ ఉంది. త్రదాత్ అంటే తీర్ అనే దేవుడు ఇచ్చినవాడు, మిహ్ర్‌దాత్ అంటే మిత్రుడు ఇచ్చినవాడు, అక్కడ మిత్రుడు అంటే స్నేహితుడు కాదు, దేవుడు. దాత్ అన్న తోక ఎక్కడ కనపడినా "ఫలానా దేవుడిచ్చిన" అని చదువుకోవచ్చు. బాగ్దాద్ నగరం పేరులో కూడా ఇదే బగ, ఇదే దాద్ ఉన్నాయని ఎక్కువమంది పండితులు చెప్పే మాట.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. బగరాన్, బగవాన్, ఇలాంటి ఊళ్ళ పేర్లు ఆర్మేనియా చరిత్రలో వస్తూ ఉంటాయి. బగరాన్ అయితే బగ్రాతునీ, అంటే బగ్రాత్ పేరుతో ఉన్న వంశం, రాజు అశోత్ 1 రాజధాని కూడా, అందుకని చూడగానే బగ్రాత్ కట్టించిన ఊరేమో అనిపిస్తుంది. కాదు. అందులో ఉన్నది బగ మాత్రమే, క్రైస్తవం రాకముందు దేవతల విగ్రహాలు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. మనిషి పేరుకీ ఊరి పేరుకీ వేరు ఒకటే గానీ ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు. ఊరి పేరులో "రాత్" ఉందా లేదా చూడండి, లేకపోతే దాన్ని బగ్రాత్ ఖాతాలో వేయొద్దు.

సరే, ఇక స్పెల్లింగ్‌ల సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, సగం గందరగోళం ఇక్కడే ఉంది.

ఆర్మేనియన్‌లో ఈ పేరుకి అక్షరాలు బెన్, అయ్బ్, గిమ్, రె, అయ్బ్, త్యున్. జార్జియన్‌లో బని, అని, గని, రాయె, అని, తరి. వరసగా పలికి చూడండి, రెండు లిపుల్లోనూ అక్షరానికి అక్షరం సరిగ్గా సరిపోతుంది. చివరి శబ్దం రెండింటిలోనూ మన త కి దగ్గర, ట కాదు. ఇంగ్లీషులో త కీ ట కీ తేడా రాయడానికి వీల్లేక చాలామంది తెలుగులో బాగ్రట్, బగ్రాట్ అని రాసేస్తుంటారు, మనకి త ఉంది కాబట్టి బగ్రాత్ అని రాయడమే న్యాయం. ఆర్మేనియన్‌లో ఒత్తు చివరి అక్షరం మీద పడుతుంది కాబట్టి రా దగ్గర కాస్త సాగదీసినట్టు వినపడుతుంది.

జార్జియన్‌లో ఇంకో విషయం ఉంది. బగ్రాతి అని చివర ఇకారంతో కనపడుతుంది చాలాసార్లు. అది వేరే పేరు కాదు, మన రాముడు లో డు ఎలాగో ఆ ఇ అలాగ, ప్రథమా విభక్తి. బగ్రాతిస్ అంటే బగ్రాత్ యొక్క, షష్ఠి అన్నమాట. కుతైసి ఊళ్ళో కొండ మీదున్న పెద్ద చర్చిని బగ్రాతిస్ తాద్జారి అంటారు, అంటే బగ్రాత్ గుడి. ఇది తెలియక బగ్రాతిస్ అనే ఇంకో మనిషి ఉన్నాడనుకునేవాళ్ళని చూశాను.

పశ్చిమ ఆర్మేనియన్ మాట్లాడేవాళ్ళు, అంటే బేరూత్, ఇస్తాంబుల్ లాంటి చోట్ల స్థిరపడ్డ ఆర్మేనియన్ కుటుంబాలవాళ్ళు, ఇదే పేరుని పక్రాద్ అంటారు. వాళ్ళ పలుకుబడిలో బ ప అవుతుంది, గ క అవుతుంది, త ద అవుతుంది, అక్షరాలు మాత్రం అవే. పక్రాదూనీ అని ఇంటిపేరు కనపడితే అది బగ్రాతునీయే.

గ్రీకు రాతల్లోకి వెళ్తే ఇంకా కష్టం. బైజాంటైన్‌వాళ్ళు, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు సామ్రాజ్యంవాళ్ళు, బగ్రాత్‌ని పాంక్రాతియోస్ అని రాసేవాళ్ళు, అది వాళ్ళ భాషలో ముందే ఉన్న పేరు, సర్వశక్తిమంతుడు అని అర్థం, వినడానికి దగ్గరగా ఉందని దాన్ని తగిలించేశారు. అర్థానికీ దీనికీ సంబంధమే లేదు. అరబిక్‌లో బుఖ్రాత్ అని ఉంటుంది, అరబ్బులు గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్‌ని కూడా బుఖ్రాత్ అనే అంటారు. అందుకని అరబ్ చరిత్రల అనువాదాల్లో ఆర్మేనియా గొడవల మధ్యలో హిపోక్రటీస్ పేరు ఎందుకొచ్చిందా అనిపిస్తే, అక్కడ ఆగి బగ్రాత్ అని చదువుకోండి.

ఇప్పుడు ఈ పనిలో అసలు చిక్కుముడికి వస్తున్నా. బుఖ్రాత్ ఇబ్న్ అశూత్, అంటే అశోత్ కొడుకు బగ్రాత్. క్రీ.శ. 850 ప్రాంతం. తేలిగ్గా ఉంది కదా, తండ్రి పేరుంది, కాలం ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ సరిగ్గా ఆ కాలంలోనే అశోత్ కొడుకు బగ్రాత్‌లు ఇద్దరున్నారు, ఒకడు ఆర్మేనియాలో, ఒకడు జార్జియాలో, ఇద్దరి తండ్రులూ 826కి కాస్త అటూ ఇటూగా పోయినవాళ్ళే.

మొదటివాడు బగ్రాత్ బగ్రాతునీ, ఆర్మేనియా వాడు. తండ్రి అశోత్ మ్సకేర్. ఇతని పదవి ఇషఖానాత్స్ ఇషఖాన్, అంటే రాజకుమారులకే రాజకుమారుడు, ఖలీఫా కింద ఆర్మేనియా మొత్తానికి పెద్ద. ఇతని ఇలాకా తారోన్, ముష్ పట్టణం ఉన్న లోయ. 851లో కొత్తగా వచ్చిన అరబ్ గవర్నర్ యూసుఫ్ ఇతన్ని వాన్ సరస్సు ఒడ్డునున్న ఖ్లాత్‌కి పిలిపించి, నమ్మించి పట్టుకుని, సంకెళ్ళేసి అప్పటి ఖలీఫా రాజధాని సామర్రాకి పంపించాడు. దాంతో సాసూన్ కొండల జనం మంచులోంచి దిగొచ్చి ముష్‌లో ఆ యూసుఫ్‌ని చంపేశారు, 852లో. అప్పుడు ఖలీఫా ముతవక్కిల్ బుఘా అనే తుర్కు సేనానిని పెద్ద సైన్యంతో పంపాడు, ఆర్మేనియా మొత్తం అల్లకల్లోలం అయిపోయింది.

రెండోవాడు జార్జియా వైపు బగ్రాత్ 1. తండ్రి అశోత్ 1. పదవి కురోపలాటిస్, అది బైజాంటైన్ చక్రవర్తి ఇచ్చే బిరుదు. కోట అర్తనూజి, ఇప్పుడు అది టర్కీలో అర్త్విన్ జిల్లాలో ఉంది. ఇతను 876 దాకా ఉన్నాడు. 853లో అదే బుఘా తిబ్లిసీ మీద పడి తగలబెట్టినప్పుడు ఇతను బుఘా పక్షానే ఉన్నాడు, ఎందుకంటే తిబ్లిసీ ఎమీర్‌తో ఇతనికి పాత పగ.

చూడండి మరి. ఒక బగ్రాత్‌ని పట్టుకున్నందుకు మొదలైన గొడవ అణచడానికి వచ్చిన సేనానితో ఇంకో బగ్రాత్ చేతులు కలిపాడు, ఇద్దరూ అశోత్ కొడుకులే, మూడేళ్ళ వ్యవధిలో. ఈ రెండు వాక్యాలు ఒకే మనిషి గురించి అనుకుని చదివితే కథ ఎక్కడా అతకదు, నేనైతే ఒక రాత్రంతా ఇక్కడే ఇరుక్కున్నా. తేల్చుకునే పద్ధతి మాత్రం చాలా సులువు. తారోన్, ముష్, ఖ్లాత్, సామర్రా ఈ ఊళ్ళు ఉంటే ఆర్మేనియా బగ్రాత్. అర్తనూజి, తిబ్లిసీ, కురోపలాటిస్ ఈ మాటలు ఉంటే జార్జియా బగ్రాత్. తండ్రి పేరు మీద అస్సలు ఆధారపడొద్దు.

వీళ్ళిద్దరూ బంధువులే. ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకునే లెక్క ఇది. గుడ్డి అశోత్ అని 8వ శతాబ్దంలో ఒక బగ్రాతునీ పెద్ద ఉండేవాడు, ఆయనకి సంబాత్, వసాక్ అని ఇద్దరు కొడుకులు. సంబాత్ 775లో అరబ్బులతో జరిగిన బగ్రెవంద్ యుద్ధంలో చనిపోయాడు. సంబాత్ కొడుకు అశోత్ మ్సకేర్ ఆర్మేనియాలోనే నిలదొక్కుకున్నాడు, వసాక్ కొడుకు అదర్నసే ఉత్తరానికి జార్జియా వైపు వెళ్ళిపోయాడు. ఆ అదర్నసే కొడుకే జార్జియా అశోత్ 1. అంటే ఆర్మేనియా బగ్రాత్, జార్జియా అశోత్ వరసకి అన్నదమ్ములు, అశోత్ కొడుకు బగ్రాత్‌కి ఆర్మేనియా బగ్రాత్ పెదనాన్నో బాబాయో అవుతాడు. పెదనాన్న పేరు, అబ్బాయి పేరు ఒకటే కావడంలో వింతేం లేదు, వంశంలో పేర్లు తిరుగుతూనే ఉంటాయి కదా.

వంశం పేరు గుర్తుపట్టడం కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆర్మేనియన్‌లో పెద్ద కుటుంబాల పేర్లకి ఊనీ అని తోక ఉంటుంది, అర్త్స్రూనీ, ర్ష్తూనీ, అలాగే బగ్రాతునీ. జార్జియాలో అదే బగ్రాతియోనీ అయ్యింది. రష్యన్‌లోకి వెళ్ళాక చివరి ఇకారం కూడా పోయి బగ్రాతియోన్ మిగిలింది. తోక చూసి ఏ దేశపు కొమ్మో చెప్పేయొచ్చు.

ఈ వంశం మూలపురుషుడి గురించి పాత కథలు రెండు రకాలుగా ఉంటాయి. ఆర్మేనియా చరిత్రకారుడు మోవ్‌సెస్ ఖోరెనాత్సీ యూదయ నుంచి బందీగా తెచ్చిన షంబాత్ అనే ఆయన నుంచి వంశం మొదలైందని రాశాడు. జార్జియావాళ్ళు ఇంకో మెట్టెక్కి నేరుగా బైబిల్ దావీదు రాజు వారసులం అన్నారు, వాళ్ళ రాజచిహ్నంలో దావీదు వడిసెల, వీణ ఉండేది అందుకే. ఈ మాట 10వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 7 రాసినదాంట్లో కూడా ఉంది. ఇప్పటి చరిత్రకారులు మాత్రం వీళ్ళు స్పెర్ ప్రాంతానికి చెందిన ఆర్మేనియన్ జమీందారీ కుటుంబం అనే అంటారు, స్పెర్ అంటే ఇప్పటి టర్కీలో ఇస్పిర్. నా మటుకు నాకు పేరే పెద్ద సాక్ష్యం అనిపిస్తుంది. ఇంటి పేరులోనే ఇరానియన్ దేవుడు కూర్చుని ఉన్నాడు కదా.

తర్వాత మీరు చేయాల్సింది పక్కన "రాజు" అన్న మాట ఉందా చూడటం. ఇది నాకు బాగా పనికొచ్చిన చిట్కా. ఆర్మేనియాని 885 నుంచి 1045 దాకా బగ్రాతునీ రాజులు ఏలారు, అశోత్‌లు ఉన్నారు, సంబాత్‌లు ఉన్నారు, అబాస్, గగిక్‌లు ఉన్నారు. బగ్రాత్ అన్న పేరుతో ఒక్క రాజు కూడా లేడు. వంశానికి పేరిచ్చిన పేరు ఆ వంశపు సింహాసనం మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు! జార్జియా వైపు మాత్రం బగ్రాత్ రాజులు వరసకట్టి ఉన్నారు. కాబట్టి "రాజు బగ్రాత్" అని ఉంటే మొదట జార్జియా వైపే వెతకండి.

అక్కడికి వెళ్ళాక నంబర్ల గోల మొదలవుతుంది. 1490ల నాటికి జార్జియా కార్త్లి, కాఖెతి, ఇమెరెతి అని మూడు రాజ్యాలుగా చీలిపోయింది, ఇమెరెతి రాజుల నంబర్లు చరిత్రకారులు వేరేగా లెక్కపెడతారు, అందుకే బగ్రాత్ 3లు ఇద్దరు, బగ్రాత్ 4లు ఇద్దరు. నంబర్ చూసి మనిషిని నిర్ణయించొద్దు, నంబర్ పక్కన రాజ్యం పేరు రాసుకోకుండా నోట్సులో ముందుకి కదలొద్దు.

వీళ్ళలో బాగా తెలిసుండాల్సినవాళ్ళు కొందరే. ఐక్య జార్జియా బగ్రాత్ 3, అందరికంటే ముఖ్యుడు. 960 ప్రాంతంలో పుట్టాడు, తండ్రి గుర్గెన్, తల్లి గురాందుఖ్త్. తావో అనే ప్రాంతపు దొర, పిల్లల్లేని దావిద్ ఇతన్ని దత్తత తీసుకున్నాడు. తల్లి వైపు నుంచి 978లో అబ్ఖాజియా సింహాసనం వచ్చింది, తండ్రి పోయాక 1008లో జార్జియన్ల రాజరికం వచ్చింది, రెండూ ఒక్క తల మీదికి వచ్చేసరికి జార్జియా మొదటిసారి ఒక్కటైంది. 1014లో చనిపోయాడు, తను కట్టించిన బెదియా చర్చిలోనే సమాధి. ఆ చర్చికి ఇతనూ తల్లీ కలిసి ఇచ్చిన బంగారు పాత్ర తిబ్లిసీ మ్యూజియంలో ఉంది, దాని అంచు మీద చెక్కిన ప్రార్థనలో బగ్రాత్ పేరు, గురాందుఖ్త్ పేరు పక్కపక్కన ఉంటాయి. అలా తల్లి పేరు పక్కనే ఉంటే ఏ బగ్రాత్ అన్న అనుమానమే రాదు.

బగ్రాత్ 4 ఇతని మనవడు, 1027 నుంచి 1072 దాకా రాజు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు తండ్రి ఓడిపోయినందుకు మూడేళ్ళు కాన్‌స్టాంటినోపుల్‌లో తాకట్టుగా ఉన్నాడు. ఇతని కూతురు మార్తా తర్వాత అదే కాన్‌స్టాంటినోపుల్‌లో మరియా అన్న పేరుతో మహారాణి అయ్యింది, వరసగా ఇద్దరు చక్రవర్తుల్ని పెళ్ళాడింది. ఇతని మనవడే జార్జియా రాజుల్లో అందరూ తలుచుకునే దావిద్ నిర్మాత.

బగ్రాత్ 5 తైమూర్ కాలం వాడు. 1386లో తైమూర్ తిబ్లిసీని పట్టుకుని రాజుని కూడా పట్టుకుపోయాడు. బగ్రాత్ మతం మారినట్టు ఒప్పుకుని తైమూర్ ఇచ్చిన సైన్యంతో వెనక్కి బయల్దేరి, లోపల కొడుకు గియోర్గికి కబురు పెట్టి దారిలోనే ఆ సైన్యాన్ని దెబ్బకొట్టించాడు. ఇక ఇమెరెతి బగ్రాత్ 3 అంటే 1510 నుంచి 1565 దాకా కుతైసి నుంచి ఏలినవాడు. ఇమెరెతి బగ్రాత్ 4 అంటే 17వ శతాబ్దంలో సవతి తల్లి దరెజాన్ కళ్ళు పీకించిన గుడ్డి బగ్రాత్. కార్త్లి బగ్రాత్ 7ని ఇరాన్ షా అబ్బాస్ కూర్చోబెట్టాడు, 1619లో పోయాడు.

బిరుదుల దగ్గర కూడా ఒక జాగ్రత్త. ఐక్య జార్జియా రాజుల బిరుదులో మొదటి మాట "అబ్ఖాజుల రాజు" అనే ఉంటుంది, ఎందుకంటే బగ్రాత్ 3కి మొదట వచ్చిన సింహాసనం అదే. బగ్రాత్ 4 వెండి నాణేల మీద ఒక వైపు చేతులెత్తిన మేరీమాత బొమ్మ, ఇంకో వైపు "క్రీస్తూ, అబ్ఖాజుల రాజు బగ్రాత్‌ని ఘనపరచు" అని రాసుంటుంది. అది చూసి ఇతను కేవలం అబ్ఖాజియా రాజు అనుకోకూడదు. అదే నాణెం మీద చివర నోవెలిసిమోస్ అనో సెవస్తోస్ అనో బైజాంటైన్ బిరుదు ఉంటుంది, నోవెలిసిమోస్ ముందొచ్చింది, సెవస్తోస్ తర్వాత, అంటే బిరుదుని బట్టి ఆ నాణెం అతని పాలనలో ముందుదో వెనకదో కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు సంవత్సరం పట్టుకోవడం. రాతి మీద చెక్కిన శాసనాల్లో మనం వాడే సంవత్సరాలు ఉండవు. ఆర్మేనియన్ శాసనంలో ఉన్న అంకెకి 551 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జార్జియన్‌వాళ్ళది క్రోనికోన్ అని 532 ఏళ్ళ చక్రం, బగ్రాత్ 3, 4 కాలానికి అయితే 780 కలపాలి, 1312 తర్వాత కొత్త చక్రం మొదలవుతుంది కాబట్టి ఆ పై వాటికి 1312 కలపాలి. రెండు లిపుల్లోనూ అంకెలకి అక్షరాలే వాడతారు, అది తెలియక అక్కడేదో పొట్టి మాట ఉందనుకుంటాం.

ఒకటి చేసి చూపిస్తా. కుతైసి బగ్రాత్ గుడి ఉత్తర గోడ మీద ఒక శాసనం ఉంది, నేల గట్టిపరిచినప్పుడు క్రోనికోన్ ఇంత అని. అక్కడున్నవి మూడే అక్షరాలు, సని, కని, గని. సని విలువ 200, కని 20, గని 3. మొత్తం 223. దానికి 780 కలపండి, 1003. అంటే ఆ గుడి నేల 1003లో వేశారు, బగ్రాత్ 3 బతికుండగానే. మూడు అక్షరాలతో ఏ బగ్రాత్ కాలమో తేలిపోయింది. చేతివేలితో లెక్కపెట్టుకుంటూ మొదటిసారి ఇది కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఆ గుడిని 1692లో ఒట్టోమన్ సైన్యం పేల్చేసింది, చాలాకాలం మొండిగోడలతో ఉంది. 1994లో గెలాతి మఠంతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు, తర్వాత మళ్ళీ పైకప్పు వేసి కట్టిన తీరు వల్ల పాత రూపం దెబ్బతిందని 2017లో బగ్రాత్ గుడిని జాబితా నుంచి తీసేసి గెలాతిని మాత్రం ఉంచారు. పాత పుస్తకాల్లో ఇంకా వారసత్వ కట్టడం అనే ఉంటుంది, అది చూసి పొరబడొద్దు.

ఇక ఇంటిపేర్ల సంగతి. బగ్రాత్యాన్ అంటే బగ్రాత్ కుటుంబంవాళ్ళు అని ఆర్మేనియన్ ఇంటిపేరు, 1993 నుంచి 1996 దాకా ఆర్మేనియా ప్రధానమంత్రిగా ఉన్న హ్రాంత్ బగ్రాత్యాన్ ఉన్నారు కదా, ఆ తీరు. బగ్రాతియోన్ అంటే రాజవంశం. నెపోలియన్ మీద పోరాడి 1812లో బొరొదినో యుద్ధంలో గాయపడి, కొన్ని రోజులకే చనిపోయిన రష్యన్ సేనాని ప్యోత్ర్ బగ్రాతియోన్ ఈ జార్జియా వంశం వాడే. 1944 జూన్‌లో సోవియట్ సైన్యం బెలారస్‌లో జర్మన్ల మీద చేసిన పెద్ద దాడికి ఆపరేషన్ బగ్రాతియోన్ అని ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఆ ఆపరేషన్‌లో మొదటి బాల్టిక్ ఫ్రంట్‌ని నడిపించిన ఆర్మేనియన్ మార్షల్ పేరు బగ్రమ్యాన్. ఆపరేషన్ బగ్రాతియోన్, కమాండర్ బగ్రమ్యాన్, ఒకే పేజీలో ఉంటాయి, ఒకే పేరులో రెండు రూపాలనుకోవడం ఖాయం. కానీ బగ్రమ్యాన్‌కీ బగ్రాత్‌కీ సంబంధం లేదు. అది బహ్రామ్ అనే ఇంకో ఇరానియన్ పేరు నుంచి వచ్చింది. ఆర్మేనియన్ లిపిలో చూస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది, బగ్రాత్‌లో ఉండేది గిమ్ అనే అక్షరం, మామూలు గ, బఘ్రమ్యాన్‌లో ఉండేది ఘాత్ అనే అక్షరం, గొంతులోంచి వచ్చే ఘ. రష్యన్‌లో రెండింటికీ ఒకే గ రాయడం వల్ల తేడా మాయమైపోయింది. కాబట్టి రష్యన్ రూపం చూసి వంశం కలపొద్దు, అసలు లిపికి వెళ్ళండి.

ఈ కాలపు బగ్రాత్‌లు దొరికినప్పుడు రాజవంశం వాళ్ళేమో అని వెతకడం అనవసరం, మామూలు ఇళ్ళల్లో మామూలుగా పెట్టుకునే పేరే ఇది. 6 మీటర్ల అద్దంతో 1975లో పని మొదలుపెట్టిన సోవియట్ టెలిస్కోప్‌కి ముఖ్య డిజైనర్ బగ్రాత్ ఇయోనిసియాని యెరెవాన్‌లో పుట్టినవాడు. కవి బగ్రాత్ షింకూబా అబ్ఖాజ్ భాషలో రాశాడు, అంటే ఈ పేరు ఆర్మేనియా, జార్జియా దాటి పక్కనున్న అబ్ఖాజుల్లోకి కూడా వెళ్ళింది. 2024లో సరిహద్దు ఊళ్ళ విషయంలో యెరెవాన్‌లో నిరసనలు నడిపించిన ఆర్చిబిషప్ బగ్రాత్ గల్‌స్తాన్యాన్ పేరు వార్తల్లో చూసే ఉంటారు. వీళ్ళ విషయంలో దేశం తెలుసుకోడానికి ఇంటిపేరు చాలు. యాన్ అని ముగిస్తే ఆర్మేనియన్, ష్విలి, ద్జే అని ముగిస్తే జార్జియన్, ఎక్కువసార్లు ఇంతే. ఇయోనిసియాని లాంటివి మాత్రం చూడ్డానికి జార్జియన్‌లా ఉండి ఆర్మేనియన్ అవుతాయి, అక్కడ పుట్టిన ఊరు కూడా చూసుకోండి.

నిజంగానే బగ్రాత్ అనే మనిషికి ఉత్తరం రాయాల్సొస్తే, లేదా ఎదురుగా పిలవాల్సొస్తే, ఆర్మేనియన్ అయితే మర్యాదగా పరోన్ బగ్రాత్ అనండి, చనువుంటే బగ్రాత్ జాన్. జార్జియన్ అయితే బతోనో బగ్రాత్. పుస్తకాల్లో బగ్రాతి అని చదివి అలవాటై పిలిచేటప్పుడు కూడా ఇకారం తగిలించొద్దు, రాముడిని పిలిచేటప్పుడు రామా అంటాం గానీ రాముడూ అనం కదా, జార్జియన్‌లో కూడా పిలుపులో ఆ ఇ ఉండదు, ఒట్టి బగ్రాత్ అంతే.